ఏయూలో ఎమ్మెస్సీ బోటనీ చేరాలా, బీఈడీకి వెళ్లాలా?

గడ్డిచేమంతి | చోడవరం | కొత్త సభ్యురాలు

అందరికీ నమస్కారం. బీఎస్సీ అయిపోయింది. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. డిగ్రీలో సింగిల్ మేజర్ (ఒకే ప్రధాన సబ్జెక్టు) రాకముందు చేరిన బ్యాచ్ మాది. పీజీసెట్ రాశాను. వచ్చిన ర్యాంకుకి ఆంధ్ర యూనివర్సిటీ క్యాంపస్‌లోనే బోటనీ సీటు రావచ్చని మా మేడమ్ అంటున్నారు. ఇంట్లో మాత్రం బీఈడీ చేసెయ్, డీఎస్సీ కొడితే టీచరువైపోతావు అంటున్నారు. మా పెదనాన్నయితే "మొక్కలు చదువుకుని ఏం చేస్తావమ్మా, కుండీలు అమ్ముతావా" అని నలుగురిలో నవ్వేశారు.

నాకు మొక్కలంటే ఇష్టమే. కానీ ఇష్టం ఒక్కటీ చూసుకుని రెండేళ్లు పెట్టొచ్చా అన్నదే టెన్షన్. డిగ్రీలో ప్రాక్టికల్స్ అంతంత మాత్రంగా జరిగాయి. పనిచేసే మైక్రోస్కోపు ఒకటే, దాని చుట్టూ క్లాసంతా. ఇంటర్ దాకా తెలుగు మీడియం. అక్కడ నెట్టుకురాగలనా? వైజాగ్‌లో చదివినవాళ్లు, చదువుతున్నవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి ప్లీజ్.


గాజువాక_జంక్షన్

చేరకండి.


గాజువాక_జంక్షన్

సరే, కారణం కూడా చెబుతాను, లేకపోతే మాస్టారు వచ్చి నన్ను ఏకుతారు. నేను బోటనీలోనే ఎమ్మెస్సీ చేశాను. ఇప్పుడు బ్యాంకులో క్లర్కుని. పాస్‌బుక్కులు ప్రింట్ కొట్టుకునేవాడికి క్రెబ్స్ వలయం దేనికి పనికొస్తుంది? మధ్యలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పాను, పేరెందుకులెండి. నీట్ బ్యాచ్ పిల్లలకి మొక్క చూపించే పనే లేదు. మెటీరియల్‌లో లైన్లు బట్టీ పట్టించడం, వారం వారం టెస్టు పెట్టడం. జీతం సగం ఇప్పుడు, సగం తర్వాత. జేఎల్ (ప్రభుత్వ జూనియర్ లెక్చరర్) నోటిఫికేషన్ కోసం కూర్చుంటే జుట్టు నెరిసిపోతుంది. ఇంటి పరిస్థితి చూసుకుని బీఈడీ చేయండి చెల్లెమ్మా. అంత ప్రేముంటే డాబా మీద పెంచుకోవచ్చు.


లైబ్రరీ_మెట్లు | రీసెర్చ్ స్కాలర్

గాజువాక అన్న చెప్పినదాంట్లో అబద్ధం ఏమీ లేదు. ఒక్క మాట కలుపుతాను: బీఈడీ కూడా ఇప్పుడు రెండేళ్లే. అంటే రెండేళ్లు ఎటూ పోతాయి, ఎక్కడ పోవాలన్నదే ప్రశ్న. ఎమ్మెస్సీ చేసి తర్వాత బీఈడీ చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. గురుకులాల్లో పీజీటీ (పీజీ టీచర్) పోస్టుకి ఆ రెండూ కావాలి. ప్రభుత్వ జూనియర్ లెక్చరర్‌కి పీజీ చాలు, బీఈడీ అడగరు. డిగ్రీ లెక్చరర్‌కి మాత్రం పీజీ పైన జాతీయ అర్హత పరీక్ష నెట్ గానీ, రాష్ట్ర అర్హత పరీక్ష సెట్ గానీ ఉండాలి.

చాలామందికి చేరాక గానీ తెలియని విషయం ఒకటుంది. బోటనీకి విడిగా నెట్ పేపరు లేదు. సైన్సు వాళ్లు రాసే సీఎస్ఐఆర్ నెట్‌లో ఉన్నది లైఫ్ సైన్సెస్ పేపరు, మొత్తం 13 యూనిట్లు. మొక్కల ఫిజియాలజీ పక్కనే జంతువుల ఫిజియాలజీ ఉంటుంది, ఇమ్యూనిటీ ఉంటుంది, కప్ప పిండం ఎలా ఎదుగుతుందో ఉంటుంది. పేపరు 200 మార్కులకి, టైము 3 గంటలు. అందులో సగం, అంటే 100 మార్కులు, పార్ట్ సి లోనే. 75 ప్రశ్నలిస్తారు, 25 రాస్తే చాలు, ఒక్కోటి 4 మార్కులు. అవి బట్టీకి లొంగవు. ఒక ప్రయోగం ఇచ్చి ఫలితం ఏమొస్తుందని అడుగుతారు. తప్పు రాస్తే పావు వంతు కోత. డిగ్రీలో జువాలజీ, కెమిస్ట్రీ చదివినవాళ్లకి ఇక్కడ బాగా కలిసొస్తుంది, మీరు ఆ కోవలోకే వస్తారు.

నెట్‌లో జేఆర్ఎఫ్ (పరిశోధనకి ఇచ్చే ఫెలోషిప్) తగిలితే మొదటి రెండేళ్లు నెలకి 37,000, ఇంటద్దె భత్యం అదనం. 2023 జనవరి నుంచి ఈ రేటు. రాష్ట్రంలో సెట్ పరీక్ష పెట్టేది మన యూనివర్సిటీయే. గేట్‌లో అయితే లైఫ్ సైన్సెస్ పేపర్లో బోటనీని ఒక సెక్షన్‌గా ఎంచుకోవచ్చు. ఇవన్నీ ఫైనలియర్‌లో మొదలుపెడదాంలే అనుకుంటే కుదరదు. మొదటి సెమిస్టర్‌లో బయోకెమిస్ట్రీ, సెల్ బయాలజీ చదివేటప్పుడే పాత పేపర్లు పక్కన పెట్టుకుని చదవాలి.


జేఎల్_మాస్టారు | సీనియర్ సభ్యుడు

చేమంతీ, మీ పెదనాన్నగారి మాట పక్కన పెట్టమ్మా. ఉద్యోగం సంగతి కుర్రాళ్లు చెబుతున్నారు. నేను చదువు సంగతి చెబుతాను, అది వీళ్లెవరూ ఎత్తడం లేదు.

డిగ్రీకీ పీజీకీ తేడా సిలబస్ చూస్తే కనపడదు. అవే శైవలాలు, అవే శిలీంధ్రాలు, నాచు మొక్కలు, ఫెర్న్‌లు, అనాటమీ, టాక్సానమీ, జెనెటిక్స్. పైన మాలిక్యులర్ బయాలజీ, బయోటెక్నాలజీ చేరతాయి. అసలు తేడా ల్యాబ్‌లో. నీ చేతికి బ్లేడిచ్చి సెక్షన్ (మైక్రోస్కోపులో చూసే పలచని ముక్క) నువ్వే కొయ్యి అంటారు.

అటికమామిడి కాండం ఉదాహరణగా చెబుతాను. ఏ రోడ్డు పక్కన చూసినా నేల మీద పాకి ఉంటుంది. కొత్త బ్లేడు తీసుకుని నీళ్లలో తడుపు. కాండం ముక్కని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిటారుగా పట్టుకో. బ్లేడుని నీ వైపుకి ఒకే ఊపులో లాగాలి, ముందుకీ వెనక్కీ ఆడిస్తే కణాలన్నీ చిరిగిపోతాయి. ఆగకుండా కోస్తూ వాచ్ గ్లాసులో నీళ్లలోకి వదులు. అయ్యాక వాటిలో పలచనిది ఏరు. అందరూ గుండ్రంగా నిండుగా ఉన్నదాని కోసం వెతుకుతారు, అది మందంగా ఉండి ఏమీ కనపడదు. అంచు తెగిపోయినా సరే, వెలుతురు దాటిపోయేదే కావాలి. సాఫ్రనిన్ అనే ఎర్ర రంగు చుక్క వేసి, ఎక్కువైన రంగు కడిగి, గ్లిజరిన్ చుక్కలో పెట్టు. కవర్ స్లిప్‌ని పైనుంచి పడెయ్యకు. ఒక అంచు ఆనించి, సూదితో రెండో అంచుని మెల్లగా దించు, గాలి బుడగలు రావు.

ఇప్పుడు చూడు. నడిమధ్యలో రెండు పెద్ద నాళికాపుంజాలు (నీళ్లూ ఆహారం మోసే గొట్టాల కట్టలు) ఒకదానికొకటి ఎదురుగా నిలబడి ఉంటాయి. వాటి చుట్టూ చిన్నవి ఒక వలయంగా ఉంటాయి. దాని బయట ఇంకా చిన్నవి ఇంకో వలయం. మామూలు ద్విదళబీజ కాండంలో ఇలా ఉండదు. ఈ అసాధారణ వృద్ధిని పుస్తకంలో బొమ్మ చూసి రికార్డులో దించినవాడెవడో, కంటితో చూసినవాడెవడో వైవాలో ఎక్స్‌టర్నల్ రెండో ప్రశ్నకే పట్టేస్తాడు.

చేయి కుదరడానికి టైము పడుతుంది. గన్నేరు ఆకు మీద మొదలుపెట్టు. పెళుసుగా ఉంటుంది కాబట్టి క్యారెట్ ముక్క చీల్చి మధ్యలో పెట్టుకుని కొయ్యి. అడుగున గుంటల్లో వెంట్రుకలు, ఆ గుంటల్లోనే దాక్కున్న పత్రరంధ్రాలు కనిపించాయంటే నీ చేయి బాగుపడినట్టే. దీనికి యూనివర్సిటీ దాకా ఆగక్కర్లేదు, ఇంట్లో బ్లేడు ఉంటుంది కదా. మైక్రోస్కోపు ఒక్కటే లేదు.


గాజువాక_జంక్షన్

మాస్టారూ, సెక్షన్ బాగా కోస్తే జీతం ఎవరిస్తారు?


జేఎల్_మాస్టారు | సీనియర్ సభ్యుడు

నాకు గవర్నమెంటు ఇచ్చింది నాయనా, ఇప్పుడు పెన్షన్ కూడా ఇస్తోంది.


సాగర_నాచు | లాసన్స్ బే కాలనీ

హహ. మాస్టారు దొరికారంటే వదలరు.

నేను చెప్పాలనుకున్నది వేరే. బోటనీ ఎక్కడైనా చదవచ్చు, సిలబస్ ఇంచుమించు ఒకటే. కానీ వైజాగ్‌లో చదవడంలో లాభం ఏమిటంటే, ఇంత సముద్రం, ఇంత కొండ ఒకేచోట ఉన్న ఊళ్లు మనకి తక్కువ. క్యాంపస్ గేటు దాటి కిందికి దిగితే బీచ్ రోడ్డు. ఇటు కైలాసగిరి. అటు హైవే ఎక్కితే కంబాలకొండ. సింహాచలం సంపెంగల సంగతి చెప్పక్కర్లేదు.

నా పని సముద్రపు శైవలాల మీద. మన తీరం అంతా ఇసుకే అనుకుంటారు గానీ మధ్య మధ్య రాతి బండలున్నాయి. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో పోటు బాగా వెనక్కి తగ్గినప్పుడు ఆ బండల మీదికి వెళ్లి చూడండి. పైన పచ్చగా పలచగా ఉల్వా ఉంటుంది. కొంచెం కిందికి గోధుమరంగు విసనకర్రల్లా పెడైనా. ఇంకా కిందికి, అలలు తగిలేచోట, సర్గాసమ్. ఎండకి ఎంత తట్టుకోగలదో, నీళ్లలో ఎంతసేపు మునిగి ఉండాలో దాన్నిబట్టి ఒక్కోదానికి ఒక్కో ఎత్తు. ఇకాలజీ పుస్తకంలో జోనేషన్ అని పేజీలు పేజీలు ఉండేది ఇక్కడ ఒకే బండ మీద కనిపిస్తుంది. ఈ తీరం మీదే ఉమామహేశ్వరరావు, శ్రీరాములు గార్లు చేసిన పని 1964లో జర్నల్ ఆఫ్ ఇకాలజీలో వచ్చింది. ఇప్పటికీ అంతర్వేలా శైవలాల మీద, అంటే ఆటుపోట్ల మధ్య పెరిగేవాటి మీద, రాసేవాళ్లు దాన్ని ప్రస్తావిస్తారు.

శైవలాన్ని షీటు మీదికి ఎక్కించడం కూడా సరదాగా ఉంటుంది. వెడల్పు ట్రేలో నీళ్లు పోసి, అడుగున మందపాటి కాగితం పెట్టి, పైన మొక్కని తేలనిచ్చి, బ్రష్‌తో కొమ్మలు విడదీసి, కాగితాన్ని మెల్లగా ఏటవాలుగా పైకి తియ్యాలి. పైన పలచని మల్లు గుడ్డ వేసి ప్రెస్‌లో పెడితే చాలావాటికి జిగురు కూడా అక్కర్లేదు, వాటి జిగటతోనే అంటుకుంటాయి. నా చేతికి వచ్చిన పని అదొక్కటే అని మా అమ్మ అంటుంది.


లైబ్రరీ_మెట్లు | రీసెర్చ్ స్కాలర్

శ్రీరాములు గారి పేరు ఎత్తారు కాబట్టి ఒకటి చెప్పాలి. ఆయన అసలు పని గాలిలో తేలే శిలీంధ్ర బీజాల మీద. విశాఖ దగ్గర ఒక వరి పొలంలో రెండేళ్లపాటు గాలిలో ఏ బీజాలు ఎప్పుడు ఎగురుతున్నాయో లెక్కగట్టి, రామలింగం గారితో కలిసి 1966లో ప్రచురించారు. ఇప్పుడు ఆస్తమా, అలర్జీ అని డాక్టర్లు అడిగే పుప్పొడి లెక్కలకీ, వరి తెగుళ్ల హెచ్చరికలకీ పద్ధతి అదే. మొక్కలు చదివి ఏం చేస్తారని అడిగే పెదనాన్నలకి చెప్పడానికి పనికొస్తుంది.


మోడరేటర్

ఇద్దరు సభ్యులు వాట్సాప్ నంబర్లు పెట్టారు, తీసేశాను. దయచేసి ఇక్కడ ఫోన్ నంబర్లు పెట్టకండి. చర్చ బాగుంది, కొనసాగించండి.


బీట్_నంబర్_లేదు | అల్లూరి జిల్లా

నేను ఫారెస్టులో బీట్ ఆఫీసర్ని. నా పోస్టుకి ఇంటర్ చాలు, నేను మాత్రం బోటనీ డిగ్రీతో వచ్చాను. పై అధికారులు ఎవరైనా వచ్చి ఇదేం చెట్టు అంటే అందరూ నా వైపు చూస్తారు. ఏటి చదివావురా అని ఇంట్లో తిట్టినోళ్లే ఇప్పుడు మావోడు అడవిశాఖ అని చెప్పుకుంటన్నారు.

రేంజ్ ఆఫీసర్ పోస్టుకి బోటనీ డిగ్రీవాళ్లు రాసుకోవచ్చు. ఐఎఫ్ఎస్ (ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్)కి కూడా బోటనీ ఆప్షనల్ ఉంది, ప్రిలిమ్స్ సివిల్స్‌తో కలిపే పెడతారు. ఎవరూ దీని గురించి చెప్పరేంటో.

ఫీల్డ్ ట్రిప్‌కి అరకు వచ్చే స్టూడెంట్లకి నాదొక విన్నపం. పొద్దున కిరండూల్ రైల్లో కిటికీ సీటు కోసం కొట్టుకుని, బొర్రా గుహల దగ్గర ఫొటోలు దిగి, బొంగులో చికెన్ తిని వెళ్లిపోతున్నారు. కాఫీ తోటలోకి వచ్చి ఒక్కసారి పైకి చూడండి. నీడకి వేసిన సిల్వర్ ఓక్, దాని మాను మీదికి పాకిన మిరియం, కింద కాఫీ. మూడు అంతస్తులు. సంతకి వెళ్లి అడ్డాకు కట్టలు కట్టే అమ్మలతో కూర్చోండి. ఆ తీగ ఏ కొండ మీద ఎక్కువో, ఏ నెలలో ఆకు ముదురుతుందో వాళ్లు చెప్పినంత వివరంగా మీ ఫ్లోరా పుస్తకం (ఒక ప్రాంతపు మొక్కల వివరాలుండేది) చెప్పదు. జీలుగు చెట్టు వయసు గెలల్ని చూసి చెప్పేస్తారు. ముందు మర్యాదగా అడగండి, అడక్కుండా ఫోన్ పెట్టి వీడియో తియ్యకండి.

ఇంకోటి, కంబాలకొండ 2002 నుంచి అభయారణ్యం. అక్కడ పర్మిషన్ లేకుండా కొమ్మ విరిచినా కేసే. హెర్బేరియం (ఎండబెట్టి షీటుకి అంటించే మొక్కలు) కోసం అంటే అక్కడ వినరు. ఫొటో తీసుకోండి, శాంపిల్ బయట రోడ్డు పక్కన దొరుకుతుంది.


గడ్డిచేమంతి | చోడవరం

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. మాస్టారూ, నిన్న ఇంట్లో గన్నేరు ఆకు కోశాను, క్యారెట్ కూడా పెట్టాను. సెక్షన్ కంటే క్యారెట్టే బాగా వచ్చింది.

మీడియం సంగతి ఎవరూ చెప్పలేదు. అదే నా అసలు భయం.


లైబ్రరీ_మెట్లు | రీసెర్చ్ స్కాలర్

నేను పదో తరగతి దాకా తెలుగు మీడియమే. మొదటి రెండు నెలలు కష్టం, అబద్ధం చెప్పను. క్లాసులో అర్థమవుతుంది, రాయబోతే వాక్యం రాదు. నాకు పనిచేసింది ఒకటే పద్ధతి. రోజూ ఒక టాపిక్ తెలుగు అకాడమీ పుస్తకంలో చదివి, తర్వాత ఇంగ్లిష్ పుస్తకంలో అదే టాపిక్ చదివి, రెండూ మూసేసి ఇంగ్లిష్‌లో ఒక పేజీ రాయడం. కీలాగ్రం, కేసరం, పరాగసంపర్కం తెలిసినవాడికి విషయం తెలిసినట్టే, కొత్త పేరు తగిలించుకోవడమే మిగిలింది. పైగా లాటిన్ పేర్లు అందరికీ కొత్తే, కాన్వెంటు పిల్లలకీ నోరు తిరగదు. సెమినార్ రోజు మాత్రం స్లైడ్ చూసి చదవకు, బోర్డు మీద బొమ్మ గీస్తూ చెప్పు. బొమ్మ గీసేటప్పుడు పొట్టి వాక్యాలు సరిపోతాయి, గ్రామరు ఎవరూ పట్టించుకోరు.

లైబ్రరీలో పుస్తకాలకి లోటు లేదు. మధ్యాహ్నం తర్వాత ఫ్యాన్ కింద సీటు దొరకడం కష్టం, అంతే.


శివాజీపాలెం_ఉమ

నేను జువాలజీ, శత్రుపక్షం. హాస్టల్ గురించి రెండు ముక్కలు. సీటు వచ్చిన వెంటనే హాస్టల్‌కి అప్లై చెయ్యి, ఆలస్యం చేస్తే బయట మద్దిలపాలెం, ఎంవీపీ వైపు రూములు వెతుక్కోవాలి, అద్దెలు మండిపోతున్నాయి. గొడుగు కాదు, రెయిన్‌కోటు కొనుక్కో. బీచ్ గాలికి గొడుగు రెండ్రోజులు ఆగదు. రికార్డు షీట్లు తేమకి మెత్తబడిపోతాయి, ప్లాస్టిక్ ఫోల్డరు ఉండాలి.


జేఎల్_మాస్టారు | సీనియర్ సభ్యుడు

ఉమగారు తేమ గురించి చెప్పింది హెర్బేరియంకి ఇంకా ముఖ్యం. మన ఊళ్లో ప్రెస్‌లో పెట్టిన మొక్క రెండు రోజులు వదిలేస్తే బూజే. మొదటి వారం రోజూ పేపర్లు మార్చాలి. పాత తెలుగు దినపత్రికలు బాగా పీలుస్తాయి, రంగుల సప్లిమెంటు పనికిరాదు. షీటు సైజు 42 సెంటీమీటర్లు బై 28. లేబుల్ కింద కుడి మూల. పువ్వు రంగు కోసేటప్పుడే రాసుకో, ఎండాక అన్నీ గోధుమరంగే. ఊరి పేరు ఒక్కటే రాస్తే చాలదు, గట్టు మీదా, చెరువులోనా, కొండ ఏ వైపున, అదంతా ఉండాలి. పేరు తప్పు రాస్తే తర్వాతివాడు దిద్దుతాడు. చోటు రాయకపోతే ఆ షీటు ఎవరికీ అక్కరకి రాదు.

టాక్సానమీలో నీకు తలనొప్పి వచ్చేచోటు ముందే చెబుతాను. ల్యాబ్‌లో బెంథామ్–హుకర్ వర్గీకరణ పద్ధతి నేర్పుతారు, 1862కీ 1883కీ మధ్య వచ్చింది. థియరీలో ఏపీజీ (డీఎన్ఏ ఆధారంగా చేసిన కొత్త వర్గీకరణ) చెబుతారు, నాలుగోది 2016లో వచ్చింది. జిల్లేడు పాతదాంట్లో ఆస్‌క్లిపియడేసి, కొత్తదాంట్లో అపోసైనేసి. లిలియేసి అయితే ముక్కలు ముక్కలైపోయింది. పరీక్షలో ఏ పద్ధతి ప్రకారం రాస్తున్నావో మొదటి లైన్లోనే రాసెయ్, మార్కులు పోవు. మొక్క గుర్తుపట్టడానికి మాత్రం గాంబుల్ ఫ్లోరా పట్టు. పేరుకి మద్రాసు ప్రెసిడెన్సీది, 1915లో మొదలై 1936కి పూర్తయింది. ఆయన పోయాక ఫిషర్ ముగించాడు. మన విశాఖ కొండలు అప్పట్లో ఆ ప్రెసిడెన్సీలోవే కదా. ఫొటో తీస్తే పేరు చెప్పే యాప్‌లు వచ్చాయి, వాడుకో, తప్పులేదు. కానీ యాప్ చెప్పిన పేరుని ఫ్లోరాలోని కీ (లక్షణాలని బట్టి గుర్తుపట్టే పట్టిక) పట్టుకుని సరిచూసే అలవాటు లేకపోతే బోటనీ డిగ్రీ ఎందుకు, ఫోన్ చాలు.


గడ్డిచేమంతి | చోడవరం

యాప్ అన్నారు కాబట్టి అడుగుతున్నా. మొన్న క్యాంపస్ చూడ్డానికి వచ్చినప్పుడు కైలాసగిరి ఎక్కాం. దారిలో ఒక చిన్న చెట్టు. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయి, తుంచితే పాలు వచ్చాయి. తెల్ల పూలు, మంచి వాసన. పొడుగ్గా సన్నగా కాయలు జంటలు జంటలుగా వేలాడుతున్నాయి. యాప్ ఒకసారి ఒక పేరు, ఇంకోసారి ఇంకో పేరు చెప్పింది.


లైబ్రరీ_మెట్లు | రీసెర్చ్ స్కాలర్

కొడిసెపాల అయ్యుండొచ్చు. అపోసైనేసి అయితే ఖాయం.


జేఎల్_మాస్టారు | సీనియర్ సభ్యుడు

కుటుంబం వరకు సరే. అమ్మా, నీ ఫోన్లో ఫొటోలున్నాయి కదా, పెద్దవి చేసి రెండు చూడు. ఒకటి, పువ్వు మధ్యలో ఏముంది? కేసరాలు లోపల గొట్టంలో దాక్కున్నాయా, బయటికి మొనదేలి ఉన్నాయా? వాటి చుట్టూ చీలికల కుచ్చు ఏమైనా ఉందా? రెండు, జంట కాయల కొసలు విడివిడిగా ఉన్నాయా, అతుక్కున్నాయా?


గడ్డిచేమంతి | చోడవరం

కుచ్చు ఉంది మాస్టారూ, తెల్లగా దారప్పోగుల్లా. మధ్యలో మొనలాంటిది బయటికి పొడుచుకొచ్చింది. కాయలు... లేత జంటలన్నీ కింద కొస దగ్గర అతుక్కునే ఉన్నాయి! చెట్టు దగ్గర ఉన్నప్పుడు ఇది చూడనే లేదు.


జేఎల్_మాస్టారు | సీనియర్ సభ్యుడు

అయితే అది కొడిసెపాల కాదు. కొడిసెపాలకి కుచ్చు ఉండదు, కేసరాలు గొట్టం అడుగునే ఉంటాయి, కాయలు విడివిడిగా వేలాడతాయి. నీది రైటియా టింక్టోరియా. రెప్పాల, తెడ్లపాల అని కూడా అంటారు. మీ జిల్లావాళ్లకి అంకుడు కర్ర అంటే వెంటనే తెలుస్తుంది. ఏటికొప్పాక బొమ్మలు తిప్పేది ఈ చెట్టు కొయ్యతోనే. మెత్తగా, నారలు లేకుండా నున్నగా వస్తుంది, లక్క రంగు బాగా పడుతుంది. ఆ బొమ్మలకి 2017లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. బొమ్మకి గుర్తింపు వచ్చింది గానీ చెట్టు మాత్రం కొండల మీద తగ్గిపోతోందని కళాకారులు మొత్తుకుంటున్నారు. నాటి పెంచితే గానీ వాళ్ల పని సాగదు. ఏ విత్తనం త్వరగా మొలుస్తుంది, ఏ నేలలో కొయ్య తొందరగా అందివస్తుంది అన్నది ఎవరో ఒక బోటనీవాడు కూర్చుని తేల్చాల్సిన విషయం.

ఇంకొకటి. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తరఫున పనిచేసిన రాక్స్‌బర్గ్, 1793లో కలకత్తా బొటానికల్ తోటకి వెళ్లినాయన, ఈ ఆకు నుంచి నీలిమందు తీయవచ్చని రాశాడు. అప్పట్లో దీన్ని గన్నేరు ప్రజాతిలో పెట్టి నీరియమ్ అన్నాడు.


బీట్_నంబర్_లేదు | అల్లూరి జిల్లా

మాస్టారూ, మా వైపు దీన్ని నరికి తీసుకుపోతుంటే పట్టుకున్న సందర్భాలున్నాయి. బొమ్మలవాళ్లకి అని చెబితే నిజమో అబద్ధమో తేల్చుకోవడం మాకు కష్టమే.


గాజువాక_జంక్షన్

కథలు బాగున్నాయి. నేను మాత్రం నా మాట మీదే ఉన్నాను. రీసెర్చ్‌కి వెళ్లేవాళ్లకి, జేఆర్ఎఫ్ కొట్టేవాళ్లకి ఇది బంగారం, ఒప్పుకుంటా. మిగతా క్లాసు సంగతేంటి? 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వేశారు. ఆ లెక్క చూసి ఎవరి ఇంట్లోనైనా బీఈడీ అనే అంటారు, వాళ్లని తప్పుపట్టలేం. చెల్లెమ్మా, మీ ఇంట్లో ఒక మాట అడుగు: ఎమ్మెస్సీ అయ్యాక ఇంకో రెండు మూడేళ్లు ఉద్యోగం లేకపోయినా మీరు ఆగగలరా అని. ఆగగలం అంటే చేరిపో. నన్ను మా ఇంట్లో ఆగమనలేదు, అదీ తేడా.


సాగర_నాచు | లాసన్స్ బే కాలనీ

అన్న మాట న్యాయంగానే ఉంది. నేనైతే ఇంకో మధ్యేమార్గం చెబుతా. మొదటి ఏడాది చూసుకో. సెల్ బయాలజీ, బయోకెమిస్ట్రీ బాగా ఎక్కుతున్నాయంటే నెట్ వైపు. ఫీల్డు నచ్చితే ఫారెస్టు, లేదా ఆర్.వి. నగర్ కాఫీ పరిశోధన కేంద్రం, అనకాపల్లి చెరకు పరిశోధన కేంద్రం లాంటి చోట్ల ప్రాజెక్టు పోస్టులు పడతాయేమో కన్నేసి ఉంచు. అవి పర్మనెంటు కాదు, అగ్రికల్చర్ వాళ్లతో పోటీ కూడా ఉంటుంది, ముందే చెబుతున్నా. ఇవేవీ కుదరకపోతే బీఈడీ ఎక్కడికీ పోదు.


గడ్డిచేమంతి | చోడవరం

నాన్నతో మాట్లాడాను. గాజువాక అన్నయ్య అడగమన్న మాటే అడిగాను. ఒక ఏడాది ఆగగలం, రెండేళ్లంటే కష్టం, తమ్ముడి ఇంజనీరింగ్ ఉంది అన్నారు. ఆప్షన్స్‌లో బోటనీ పెట్టుకో, బీఈడీ ఎంట్రన్స్ కూడా వదలకు అన్నారు. పెదనాన్న ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

వెబ్ ఆప్షన్స్‌లో ఏం చూసుకోవాలి?


లైబ్రరీ_మెట్లు | రీసెర్చ్ స్కాలర్

ఒకే కోర్సు రెండు మూడు చోట్ల కనిపిస్తుంది. క్యాంపస్ కాలేజీ వేరు, అనుబంధ కాలేజీ వేరు. క్యాంపస్‌లో కూడా రెగ్యులర్, సెల్ఫ్ ఫైనాన్స్ అని విడివిడిగా ఉంటే ఫీజు చాలా తేడా వస్తుంది. కోడ్ పక్కన ఫీజు ఎంత చూపిస్తోందో చదవకుండా సేవ్ కొట్టకు. రెగ్యులర్ బోటనీ పైన, దాని కింద నీకు నచ్చిన ఇంకో లైఫ్ సైన్స్ కోర్సు, ఆ తర్వాతే సెల్ఫ్ ఫైనాన్స్. ఆదాయ, కుల ధృవపత్రాలు ఇప్పుడే తెచ్చి పెట్టుకో, స్కాలర్‌షిప్‌కి అవే అడుగుతారు. టీసీ, డిగ్రీ మార్కుల మెమోలు కాలేజీ నుంచి చేతికొచ్చాయా?


గడ్డిచేమంతి | చోడవరం

ఆరో సెమిస్టర్ మెమో ఇంకా రాలేదు. సోమవారం వెళ్లి అడుగుతాను.